మధ్యాహ్నం లాగని టర్బో కారు, అరవై వేల రూపాయల ప్రశ్న

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు. విజయవాడలో ఉద్యోగం. రెండేళ్లు వాడిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఈ మధ్యే కొన్నాను. ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్. నెలకు రెండు మూడు సార్లు హైదరాబాద్ వెళ్లివస్తుంటాను. తెల్లవారుజామున బయలుదేరితే కారు దూసుకుపోతుంది. అదే కారు మధ్యాహ్నం ఎండలో సరిగా లాగదు. ఇది లోపమా? ఇంజన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయిస్తే, అంటే దాని ప్రోగ్రామ్ మార్పిస్తే, 120 పీఎస్ శక్తి 150 దాకా వెళ్తుందని స్నేహితులు అంటున్నారు. పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు, శబ్దం బాగుండే సైలెన్సర్, కాటన్ ఎయిర్ ఫిల్టర్ కూడా మనసులో ఉన్నాయి. అరవై వేలు దాచాను. ముందు ఏది చేయించాలి? 95 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే తేడా తెలుస్తుందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ముందు మధ్యాహ్నం సంగతి చూద్దాం. అది చాలావరకు లోపం కాదు. ఏళ్ల తరబడి టర్బో కారు నడిపినవాళ్లలో కూడా ఈ తేడా గమనించేవాళ్లు తక్కువ. మీరు గమనించారంటే కారును శ్రద్ధగా నడుపుతున్నారని అర్థం. మీరు అడిగిన మిగతా ప్రశ్నలకు కూడా జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇంజన్ శక్తి అది కాల్చే పెట్రోల్‌ను బట్టి ఉంటుంది. కాల్చగలిగే పెట్రోల్ లోపలికి వచ్చే గాలిని బట్టి ఉంటుంది. మామూలు ఇంజన్ తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెడతారు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న మరో చక్రం బయటి గాలిని అదిమి ఇంజన్‌లోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడు. మీ కారులో ఉన్నలాంటి చిన్న టర్బోలోని ఆ ఇరుసు గట్టిగా తొక్కినప్పుడు నిమిషానికి లక్షన్నర చుట్లు కూడా దాటుతుంది.

గాలిని అదిమితే వేడెక్కుతుంది. నలభై డిగ్రీల ఎండలో ఉన్న గాలిని రెండింతల ఒత్తిడికి అదిమితే దాని వేడి నూరు డిగ్రీలు దాటిపోతుంది. వేడి గాలి పలచగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ తక్కువ. అందుకే ముందు బంపర్ వెనక ఇంటర్‌కూలర్ పెడతారు. ఎదురుగాలి తగిలి అది లోపలి గాలిని చల్లబరుస్తుంది. అయితే ఇంటర్‌కూలర్ ఎంత బాగా పనిచేసినా బయటి గాలికంటే చల్లగా చేయలేదు. బెజవాడ మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, 25 డిగ్రీలున్న తెల్లవారుజాముతో పోలిస్తే గాలి సాంద్రత దాదాపు ఆరు శాతం తగ్గుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఎదురుగాలి కూడా ఉండదు, ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కిపోతుంది. దీనికి తోడు ఏసీ కంప్రెసర్ తన వాటా శక్తి లాక్కుంటుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గాలి మరీ వేడిగా ఉంటే సిలిండర్‌లో పెట్రోల్ మిశ్రమం మంట తాకకముందే తనంతట తాను అంటుకునే ప్రమాదం ఉంది. దీన్నే నాకింగ్ అంటారు. మోతాదు మించితే పిస్టన్లు దెబ్బతింటాయి. ఇంజన్ గోడకు బిగించిన నాక్ సెన్సర్ ఆ అదురును పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది, అవసరమైతే టర్బో ఒత్తిడిని తగ్గిస్తుంది. మీకు మధ్యాహ్నం తగ్గినట్టు తెలుస్తున్న పికప్ చాలావరకు ఇదే. కారు తనను తాను కాపాడుకుంటోంది.

అయినా సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి కొన్ని పరీక్షలు చేసుకోండి. పొద్దున కూడా పికప్ క్రమంగా తగ్గుతున్నట్టు అనిపిస్తే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చూపించండి. గట్టిగా తొక్కినప్పుడు బానెట్ కింద బుస్సుమని గాలి పోతున్న చప్పుడు వస్తే టర్బో పైపు ఎక్కడో వదులైనట్టే. నాలుగో గేరులో ఒక్కసారి పూర్తిగా తొక్కినప్పుడు ఇంజన్ చుట్లు గబగబా పెరిగి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పాత యజమాని ఎడమ కాలు క్లచ్ మీదే ఉంచి నడిపి ఉంటే రెండేళ్లకే ఆ పరిస్థితి రావచ్చు. క్లచ్ జారుతున్న కారుకు రీమ్యాప్ గురించి ఆలోచించడమే వద్దు. ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ స్కానర్ రెండు మూడు వేల లోపు దొరుకుతుంది, ఒకటి కొని ఫోనుకు కలుపుకోండి. లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత కళ్లెదుటే కనబడతాయి. పొద్దున, మధ్యాహ్నం ఒకే ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆ అంకెలు పక్క సీటులోని మనిషి చేత చూపించుకోండి. ఏ పుస్తకం నేర్పనంతగా మీ ఇంజన్ మీకు అర్థమవుతుంది. కారు పార్కు చేశాక స్కానర్ తీసేయండి. అలాగే వదిలేస్తే రోజుల తరబడి బ్యాటరీని తినేస్తుంది.

ఇక రీమ్యాప్. అది మోసమని నేను అనను. బాగా తెలిసినవాడు చేస్తే 120 పీఎస్ ఇంజన్ నుంచి అదనపు శక్తి నిజంగానే వస్తుంది. టర్బో ఒత్తిడి పెంచి, పెట్రోల్ పెంచి, స్పార్క్ ముందుకు జరిపి దాన్ని రాబడతారు. కానీ కంపెనీ ఇంజనీర్లు ఆ శక్తిని చేతగాక వదిలిపెట్టలేదు. 45 డిగ్రీల ఎండ, నాసిరకం పెట్రోల్, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఘాట్ రోడ్డు ఇవన్నీ ఒకేసారి ఎదురైనా ఇంజన్ నిలబడాలని వదిలిన జాగా అది. రీమ్యాప్ ఆ జాగాను వాడేస్తుంది. పైగా మీకు ఇబ్బందిగా ఉన్నది మధ్యాహ్నం పికప్. వేడి వల్ల వచ్చిన సమస్యకు ఇంకా వేడి పుట్టించే మందు వేస్తే ఎలా? తెల్లవారుజామున మీ కారు ఇంకొంచెం దూసుకుపోతుంది. ఎండలో నాక్ సెన్సర్ ఇంకా ఎక్కువసార్లు వెనక్కి లాగుతుంది. పెరిగిన టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, ముందుగా క్లచ్ మీద పడుతుంది.

చట్టం, కాగితాల సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వారంటీ మిగిలి ఉంటే రీమ్యాప్‌తో ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ పోయినట్టే లెక్క. పాత ప్రోగ్రామ్ తిరిగి ఎక్కించినా మార్చిన జాడ కంప్యూటర్‌లో ఉండిపోవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కుటుంబంతో తిరిగే కారుకు ఇది చిన్న విషయం కాదు.

మీ కారు పేరులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. హ్యుందాయ్‌వాళ్ల ‘ఎన్’ అంటే దక్షిణ కొరియాలో వాళ్ల పరిశోధన కేంద్రం ఉన్న నామ్‌యాంగ్, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్. 2021లో ఐ20 ఎన్ లైన్ మన దేశంలోకి వచ్చినప్పుడు దానికి ఇచ్చిన ఇంజన్ మామూలు ఐ20 టర్బోలో ఉన్నదే. ఒక్క పీఎస్ కూడా పెంచలేదు. సస్పెన్షన్ బిగించారు, స్టీరింగ్‌కు బరువు తెచ్చారు, వెనక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులు ఇచ్చారు, సైలెన్సర్ శబ్దం మార్చారు. కారు నడపడంలో మజా పెంచాలనుకున్నప్పుడు తయారీదారులే డబ్బు పెట్టిన చోట్లు అవి. మీ అరవై వేలు కూడా ఆ దారిలోనే ఖర్చు పెట్టమంటాను: టైర్లు, బ్రేకులు, ఇంజన్ ఆయిల్, చివరికి మీ డ్రైవింగ్.

టైర్ల గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మీ కారు బరువు, వేగం, బ్రేకు, మలుపు అన్నీ నాలుగు అరచేతులంత రబ్బరు మీదే ఆధారపడి ఉన్నాయి. 120 పీఎస్ అయినా 150 అయినా రోడ్డును పట్టుకునేది ఆ నాలుగు చోట్లే. ముందు ఇప్పుడున్న టైర్లను చదవండి. పక్క గోడ మీద 195/55 ఆర్16 87 అని, ఆ పక్కనే ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. 195 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 55 శాతం అంటే సుమారు 107 మిల్లీమీటర్లు, 16 అంగుళాల చక్రం. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోల బరువు మోయగలదు. చివరి అక్షరం హెచ్ అయితే 210, వి అయితే 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకునే రకం. కొత్త టైర్లు కొన్నా ఈ బరువు, వేగం అంకెలు తగ్గకూడదు.

అదే గోడ మీద డీఓటీ అన్న గుర్తు వెతకండి. దాని వరుసలో చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన వారం, సంవత్సరం. 2223 అని ఉంటే 2023లో 22వ వారం. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు నాలుగు టైర్లతో పాటు స్టెప్నీ మీద కూడా ఈ అంకె చూడాలి. కారు కన్నా బాగా పాత టైరు కనబడితే ఎక్కడో మార్చారని తెలుస్తుంది. టైరు మీది గాళ్ల లోతు (ట్రెడ్) 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టం ప్రకారం టైరు పని అయిపోయింది. గాళ్ల మధ్యలో అడ్డంగా ఉండే చిన్న గట్లు ఆ హద్దును చూపిస్తాయి. నిజానికి వానాకాలంలో ఆ హద్దు దాకా ఆగకూడదు. చౌటుప్పల్, సూర్యాపేట దారిలో జోరువాన పడి రోడ్డు మీద నీటిపొర నిలిచినప్పుడు, ఆ నీటిని పక్కకు తోసేది గాళ్ల లోతే. అది చాలకపోతే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బ్రేకు తొక్కినా కారు వినదు.

పదిహేడు అంగుళాల చక్రాల సంగతి. చూడటానికి బాగుంటాయి, కాదనను. టైరుతో కలిపి చక్రం మొత్తం వ్యాసం మూడు శాతానికి మించి మారకూడదన్నది పాటించదగ్గ లెక్క. 215/45 ఆర్17 వేస్తే వ్యాసం ఒక శాతం లోపే మారుతుంది కాబట్టి స్పీడోమీటర్ పెద్దగా తప్పు చూపదు. కానీ టైరు గోడ 107 నుంచి 97 మిల్లీమీటర్లకు దిగుతుంది. మన గుంతల్లో చక్రాన్ని కాపాడేది ఆ గోడే. రాత్రిపూట ఒక్క పెద్ద గుంతలో పడితే అల్లాయ్ అంచు వంగిపోవడమో, టైరు పక్కన బుడగ లేవడమో జరుగుతుంది. బుడగ లేచిన టైరును రిపేరు చేయలేరు, పారేయాల్సిందే. పెద్ద చక్రం బరువు కూడా ఎక్కువ. ఆ బరువును తిప్పడానికి ఇంజన్ శక్తే ఖర్చవుతుంది, పికప్ తగ్గుతుంది. నా మాట వింటే పదహారు అంగుళాలు అలాగే ఉంచి, పేరున్న కంపెనీ చేసిన, తడి రోడ్డు మీద బాగా పట్టే రకం టైర్లు నాలుగూ ఒకేసారి వేయించండి. మీరు దాచినదాంట్లో సగానికి పైగా పోవచ్చు. మొదటి వానలోనే ఎందుకు చెప్పానో మీకు తెలుస్తుంది.

గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, బంకులో కుర్రాడు చెప్పిన అంకె కాదు. పొద్దున కారు తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. వేడెక్కే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, సుమారు ఆరు డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున. నకిరేకల్ దగ్గర టీకి ఆగినప్పుడు కొలిచి, ఎక్కువుంది కదా అని గాలి తీసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చల్లారాక ఆ టైరులో గాలి చాలదు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు గోడలు వంగి వంగి వేడెక్కి పగులుతాయి. ఎండాకాలం హైవే మీద టైర్లు పేలడానికి ఇది పెద్ద కారణం. నైట్రోజన్ నింపించుకోవాలా అని చాలామంది అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా దొరికితే నింపించుకోండి, దాని కోసం వెతకాల్సిన పని లేదు.

తర్వాతి ఖర్చు బ్రేకులకు. కొన్నప్పుడు పాత యజమాని బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చాడో సర్వీసు కాగితాల్లో ఉందా? లేకపోతే వెంటనే మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఘాట్ రోడ్డులో వరసగా బ్రేకులు తొక్కుతూ దిగితే ఆ వేడి సులువుగా వస్తుంది. ఆయిల్ మరిగి పైపులో బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు ఆగదు. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఎన్నో బండ్ల చక్రాల దగ్గర వచ్చే కాలిన వాసన అదే పరిస్థితికి తొలి హెచ్చరిక. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి ఇంజన్ చేత వేగాన్ని పట్టించండి. మలుపుకు ముందు మాత్రం బ్రేకు గట్టిగా, కొద్దిసేపు తొక్కి వదలండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చడం మీ అరవై వేలలో అతి చిన్న ఖర్చు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఇరవై కిలోమీటర్ల తేడా ఎంతటిదో ఒక లెక్క చెబుతాను. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే 100 వేగంలో ఉన్న కారు సుమారు 50 మీటర్లలో ఆగుతుంది. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పడుతుందనుకుంటే ఇంకో 28 మీటర్లు కలపాలి. మొత్తం 78. 120 వేగంతో వస్తున్నవాడు అదే చోట ప్రమాదం చూసి, అలాగే ఒక సెకను తర్వాత బ్రేకు తొక్కితే, ఆ 78 మీటర్ల దగ్గర అతని కారు ఇంకా 70 కిలోమీటర్లకు పైగా వేగంతో ఉంటుంది. మీరు ఆగిపోయిన చోట అతను 70తో ఢీకొంటాడు. మీ కారుకు ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. ఆపదలో బ్రేకును పంపు కొట్టినట్టు తొక్కి వదలకండి. ఒక్కసారి బలమంతా పెట్టి తొక్కి, అలాగే పట్టి ఉంచి, స్టీరింగ్‌తో తప్పించుకోండి. కాలి కింద పెడల్ టకటకా అదురుతుంది. భయపడి కాలు తీసేసేవాళ్లు చాలామంది. ఖాళీ మైదానంలో నలభై వేగంలో ఒకసారి కావాలని తొక్కి ఆ అదురు ఎలా ఉంటుందో కాలికి అలవాటు చేయండి.

ఇంజన్ ఆయిల్ విషయంలో రాజీ వద్దు. మీది సిలిండర్‌లోకే నేరుగా పెట్రోల్ చిమ్మే చిన్న టర్బో ఇంజన్. ఇలాంటి ఇంజన్లకు తక్కువ చుట్లలో, ఎక్కువ భారం పడినప్పుడు స్పార్క్‌కు ముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఉంది. ఒక్క దెబ్బకే పిస్టన్ పగిలిన సందర్భాలున్నాయి. దీన్ని అడ్డుకునే ఆయిళ్లకు 2020 నుంచి ఏపీఐ ఎస్‌పీ అన్న గుర్తింపు ఇస్తున్నారు. మాన్యువల్ పుస్తకంలో చెప్పిన గ్రేడులోనే ఆ గుర్తింపు ఉన్న ఆయిల్ డబ్బా మీ కళ్ల ముందు మూత తీసి పోయించండి. కిలోమీటర్లు పూర్తి కాకపోయినా ఏడాదికి తప్పక మార్చండి. లక్షన్నర చుట్లు తిరిగే ఆ టర్బో ఇరుసును కాపాడేది ఈ పలుచని ఆయిల్ పొర ఒక్కటే.

ఆయిల్ ఎంత మంచిదైనా నడిపే తీరు తప్పితే లాభం లేదు. మీ ఇంజన్ 172 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1,500 నుంచి 4,000 చుట్ల దాకా ఇస్తుంది. టర్బో లేని 1.2 లీటర్ల ఐ20కి ఉన్నది 114.7, అదీ 4,200 చుట్ల దగ్గర. ఇంత కిందినుంచే బలం ఉంది కదా అని ఆరో గేరులో నలభైతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం పెద్ద పొరపాటు. నేను చెప్పిన జబ్బు వచ్చేది సరిగ్గా అక్కడే. లారీని దాటాలనుకున్నప్పుడు దాటడం మొదలుపెట్టకముందే ఆరు నుంచి నాలుగుకు దింపండి. చుట్లు 2,500 దాటనిచ్చి అప్పుడు తొక్కండి. మీరు కొనాలనుకుంటున్న ముప్పై పీఎస్‌లు ఆ గేరు మార్పులోనే దొరుకుతాయి. ఎలాగంటే, 172 టార్క్ 1,500 చుట్ల దగ్గర సుమారు 37 పీఎస్ మాత్రమే. అదే టార్క్ 4,000 దగ్గర 98 పీఎస్. 120 రావాలంటే ముల్లు 6,000 దాకా పోవాలి. పైసా ఖర్చు లేకుండా శక్తి పెంచుకునే ఉపాయం గేరు మార్చే చేతిలోనే ఉంది. పొద్దున చల్లటి ఇంజన్‌ను మొదటి పది నిమిషాలు 3,000 దాటించకండి. ప్రయాణం చివర కూడా ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల ముందు నుంచి నెమ్మదిగా నడిపితే టర్బో చల్లబడుతుంది. ఇంటి ముందు ఆగి ఇంజన్‌ను ఊరికే తిప్పుతూ నిలబడాల్సిన అవసరం ఉండదు.

పెట్రోల్ సంగతి సూటిగా చెబుతాను. ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు, నాకింగ్‌ను తట్టుకునే ఓపిక. బీఎస్ 6 ప్రమాణాల ప్రకారం మామూలు పెట్రోల్ కనీస ఆక్టేన్ 91. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి మామూలు పెట్రోలే 95 దగ్గరికి చేరుతోందని ప్రభుత్వం చెబుతోంది. కాబట్టి మార్పులు చేయని మీ ఇంజన్‌కు 95 కోసం అదనంగా పెట్టే డబ్బుకు తగిన తేడా మీకు తెలియదు. మండు వేసవిలో, నిండు భారంతో, ఘాట్ ఎక్కే రోజున కొద్దిగా ఉపయోగం ఉండవచ్చు. అంతకు మించి ఆశించకండి. ఇథనాల్‌లో అదే పరిమాణం పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ. మైలేజీ కొంచెం తగ్గినట్టు కనబడితే ఇంజన్‌ను అనుమానించకండి. రీమ్యాప్ చేసిన కారుకైతే ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ ప్రతిసారీ కావాలి. కోదాడ దగ్గర అర్ధరాత్రి పెట్రోల్ ముల్లు ఎరుపులోకి దిగినప్పుడు ఆ పెట్రోల్ ఉన్న బంకు దొరకకపోతే ఏం చేస్తారో ఆలోచించండి.

కాటన్ ఎయిర్ ఫిల్టర్ వద్దు. మన దుమ్ముకు కంపెనీ కాగితం ఫిల్టరే మేలు. గాలి బాగా ఆడాలంటే దాన్ని సమయానికి మార్చండి, ఆ డబ్బు కూడా పెద్దది కాదు. సైలెన్సర్ కూడా వద్దు. శబ్దం పెరగడం వేరు, వేగం పెరగడం వేరు. పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌ను తీసేసి శబ్దం పెంచే షెడ్లున్నాయి. అక్కడికి అసలు వెళ్లకండి. మీ వీధిలో నిద్రపోయే పసిపిల్లలు, వృద్ధులు కూడా ఉన్నారు.

టైర్లు, వీల్ అలైన్‌మెంట్, బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, స్కానర్ పోగా మీ దగ్గర కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని రేసు ట్రాక్ మీద ఒక రోజు కోసం దాచమని నా సలహా. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్ పక్కన ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. సొంత కార్లు తెచ్చుకున్నవాళ్లకు శిక్షకుల సమక్షంలో నడపనిచ్చే ట్రాక్ డేలు అప్పుడప్పుడు జరుగుతాయి. మీ ఐ20 తయారైన హ్యుందాయ్ ఫ్యాక్టరీ కూడా ఆ ఇరుంగట్టుకోట్టైలోనే ఉంది. ఎదురుగా లారీ గానీ, గేదె గానీ, పక్కనుంచి దూరే బైకు గానీ రాని చోట మూడో గేరులో ముల్లు 6,000 దాకా పోనివ్వండి. మలుపులో టైరు పట్టు జారబోయే ముందు స్టీరింగ్ తేలికవడాన్ని చేతులతో తెలుసుకోండి. శిక్షకుడు పక్కన కూర్చుని, బ్రేకు ఇంకా ఆలస్యంగా కాదు, ఇంకా గట్టిగా తొక్కమని చెప్పే మాట హైవే మీద మీ ప్రాణం కాపాడవచ్చు.

వెళ్లే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి హెల్మెట్ వాళ్లే ఇస్తారా అని కనుక్కోండి. మామూలు మోటారు బీమా పందేలకు, వేగ పరీక్షలకు వర్తించదు కాబట్టి అక్కడ కారుకు దెబ్బ తగిలితే ఖర్చు మీదే. బ్రేక్ ఆయిల్ ఆ వారంలోనే కొత్తది పోయించండి. వీల్ నట్లు బిగింపు చూపించండి. డిక్కీ, సీట్ల కింద ఉన్న సామానంతా తీసేయండి, నీళ్ల సీసా ఒకటి దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కుంటే చాలు ప్రమాదం జరగడానికి. చివరి రౌండు నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లారనివ్వండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకుండా మొదటి గేరులో నిలపండి, వేడెక్కిన ప్యాడ్లు డిస్కులకు అతుక్కోకుండా ఉంటాయి.